రామ్‌సముజ్ ఎడమ చేయి

రామ్‌సముజ్ చేతిలో ఏదో తేడా వచ్చిందని నర్సు ఉనైసికి సోమవారం పొద్దున్నే తెలిసిపోయింది. అప్పటికింకా డయాలసిస్ మిషను తగిలించలేదు. బరువు కూడా చూడలేదు. సబ్బుతో కడిగి తుడిచిన ఎడమ చేతి మీద, మోచేతి మడతకు పైన, తన అరచేయి ఆనించిందంతే.

ఎప్పుడూ ఆ చోట నరం ఝుమ్మంటూ ఉండేది. ఒళ్లో పడుకున్న పిల్లి గురకలా, మెత్తగా, ఆగకుండా. ఆ రోజు ఝుమ్మనడం లేదు. కొడుతోంది. ఒక్కో దెబ్బా విడివిడిగా అరచేతికి తగులుతోంది.

చెయ్యి పైకెత్తమంది. ఎవరికి ఓటెయ్యాలి అంటూ రామ్‌సముజ్ ఎత్తాడు. పక్క కుర్చీల్లోవాళ్లు నవ్వారు. ఉనైసి నవ్వలేదు. చెయ్యి తలకన్నా పైకి వెళ్లినప్పుడు లోపలి రక్తం గుండె వైపు జారిపోయి నరం చదునుగా అణగాలి. పై చేతి మీద కోడిగుడ్లంతేసి ఉన్న రెండు ఉబ్బులూ అలాగే నిగడదన్ని నిలబడ్డాయి.

“దించు అన్నా,” అంది. “ఎన్నాళ్లనుంచి ఇలా కొడుతోంది?”

“కొట్టేది కొట్టక ఊరుకుంటుందా సిస్టరమ్మా? బతికున్నాను కదా మరి.”

అతనికి యాభై ఎనిమిదేళ్లు. ముప్ఫై ఏళ్లు చెరకు లారీ తోలి, మూత్రపిండాలు చెడిపోయాక స్టీరింగు తమ్ముడి కొడుక్కి అప్పగించాడు. సోమ, బుధ, శుక్రవారాలు ఎదుటి చక్కెర మిల్లు ముందు లారీల వరస మొదలయ్యే వేళకు వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఏ లారీ ఎంత చెరకు ఎక్కువ ఎక్కించుకుందో అక్కణ్నుంచే చెప్పేవాడు. సూది గుచ్చేటప్పుడు కూడా అతని మాట ఆగేది కాదు. ఉనైసి గుచ్చితే ఎవరి మాటా ఆగదు. ఆ కేంద్రంలో ఆరు కుర్చీలు, ఇరవై రెండు మంది రోగులు. ఇరవై రెండు మందీ ఉనైసే రావాలనేవారు. కింది ఉబ్బులో ఒక సూది, పై ఉబ్బులో ఒక సూది, రెండూ చీమ కుట్టినంత కూడా తెలియకుండా దింపేది. కింది సూది రక్తాన్ని మిషనులోకి తీసుకెళ్లేది. పై సూది శుభ్రమైన రక్తాన్ని వెనక్కి తెచ్చేది.

ఆ రోజూ అలాగే దింపింది. ఇరవై నిమిషాలకు మిషను కూసింది. వెనక్కి వెళ్లే రక్తానికి దారి ఇరుకైందని దాని గోల. ఉనైసి గొట్టం మెలిక పడిందేమో చూసింది, పడలేదు. వేగం తగ్గించింది. మళ్లీ కూసింది, మళ్లీ తగ్గించింది. నాలుగు గంటలయ్యాక సూదులు తీసి గాజుగుడ్డ అదిమి పెడితే, పది నిమిషాల్లో ఆగాల్సిన నెత్తురు అరగంటకు గాని ఆగలేదు. ఆ అరగంటా ఆమె అతని చేతిని వదల్లేదు.

అన్నీ రాసుకుని ఇన్‌చార్జి గదికి వెళ్లింది. ఇన్‌చార్జి సిస్టర్ వసీతి ఆమెకన్నా నాలుగేళ్లు చిన్నది. ఇద్దరూ ఒకే నర్సింగ్ స్కూల్లో చదివారు. బల్ల మీద రామ్‌సముజ్ రక్తపరీక్ష కాగితం అప్పటికే ఉంది. పొటాషియం ఎక్కువ, యూరియా ఎక్కువ. పోయిన నెలా అంతే. వసీతి ఆ కాగితాన్ని ఉనైసి వైపు తిప్పింది. ఇతను కొబ్బరి తింటున్నాడు, దుంపలు తింటున్నాడు, చెప్పినట్టు వినడం లేదని రెండుసార్లు రాశానంది. మూడోసారి రాస్తే, కేంద్రం నడిపే ట్రస్టు నియమం ప్రకారం ఇక్కడ డయాలసిస్ కుర్చీ పోతుంది. శుక్రవారం ట్రస్టు కమిటీకి కాగితం వెళ్లాలి.

తిండి వల్ల కాదని ఉనైసి చెప్పింది. భుజం వైపు ఎక్కడో నరం ఇరుకైంది. శుభ్రపడి వెనక్కి వెళ్లాల్సిన రక్తానికి దారి లేక, మళ్లీ కింది సూదిలోకే వచ్చేస్తోంది. మిషను కడిగిన రక్తాన్నే కడుగుతోంది. ఒంట్లో రక్తం మురికిగానే ఉండిపోతోంది.

“చేత్తో పట్టి చూసి చెబుతున్నావా?” అంది వసీతి.

“చేత్తోనే.”

“కమిటీకి చెయ్యి పంపలేను కదా ఉనైసీ. కాగితమే పంపాలి.” వసీతి గొంతులో వెటకారం లేదు, అలసట ఉంది. “పెద్దాసుపత్రిలో ఆ టీచరమ్మాయి మెరియాని ఇక్కడ కుర్చీ దొరక్క మెడకు గొట్టం పెట్టుకుని నెల రోజులుగా పడుంది. ముప్ఫై ఒక్క ఏళ్లు. రెండుసార్లు జ్వరం వచ్చింది. మాట వినేవాళ్లు బయట చస్తుంటే, వినని వాడికి కుర్చీ ఎలా ఉంచమంటావ్?”

శుక్రవారం రాజధాని సువా నుంచి సర్జన్ వస్తున్నాడు కదా, ఆయన ఆ చెయ్యి చూసేదాకా కాగితం పంపవద్దని ఉనైసి అడిగింది. చూసేవాళ్ల జాబితా ఎప్పుడో నిండిపోయిందని వసీతి అంది. అయినా కింద పేరు రాసింది.

మంగళవారం ఉనైసికి సెలవు. బస్సెక్కి రామ్‌సముజ్ ఇంటికి వెళ్లింది. చెరకు కోతల కాలం. కాల్చిన తోటల మసి గాల్లో ఎగిరి బట్టల మీద వాలుతోంది. రేకుల ఇంటి వెనక, పొయ్యి దగ్గర అతని భార్య సుందర్‌మతి కర్రపెండలం ముక్కలు ఉడికిస్తోంది. నర్సు ఇంటికి రావడంతో ఆమె ముఖం పాలిపోయింది. బయటికెళ్లిన మొగుడికేమైందని అడిగింది. ఏమీ కాలేదనీ, వంట చూద్దామని వచ్చాననీ ఉనైసి చెప్పింది.

వంట చూడటానికి వచ్చిందంటే ఎందుకో సుందర్‌మతికి అర్థమైంది. పొటాషియం పోయేలా, ఉడికిన ముక్కల నీళ్లు వంచి పారబోసింది. మళ్లీ చన్నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. అవీ పొంగాక పారబోసింది. గిన్నెలోంచి ఒక ముక్క తీసి ఆకులో పెట్టి ఉనైసి చేతికిచ్చింది. ఉప్పు లేదు, సారం లేదు, తడిసిన అట్టలా ఉంది.

“రెండేళ్లుగా ఇదే తింటున్నాడు,” అంది సుందర్‌మతి. “ఆయన తింటుంటే నేను వేరేది తినలేక నేనూ ఇదే తింటున్నాను. రెండుసార్లు రాశారట కదమ్మా, తిండి దొంగని.”

ఉనైసి ఆ ముక్క మొత్తం తినేసింది. పెరట్లో కొబ్బరి చెట్లున్నాయి. కాయలన్నీ కొట్టకుండానే చెట్టు మీద ఎండిపోయి ఉన్నాయి. తిరిగి బస్సు ఎక్కేటప్పటికి ఆమెకు అనుమానమేమీ మిగల్లేదు. తన చెయ్యి చెప్పిందే నిజం. వసీతి కాగితం అబద్ధం.

బుధవారం మధ్యాహ్నం రెండు షిఫ్టుల మధ్య గంట ఖాళీలో శలేశ్నికి పాఠం. కాన్పుల వార్డులో పదిహేనేళ్లు చేసి కొత్తగా బదిలీ మీద వచ్చిన నర్సు శలేశ్ని. నలభై దాటిన మనిషి. డయాలసిస్ సూది ఇంకా పట్టలేదు. మార్కెట్లో మేక మాంసం కొట్టే సలీమ్ దగ్గర ఉనైసి పొద్దున్నే మెడ భాగం అడిగి తెచ్చింది. ఎనామిల్ పళ్లెంలో నీళ్లు పోసి, వేలెడు పొడుగున రెండు రక్తనాళాలు విడదీసి పక్కపక్కన పెట్టింది. శుక్రవారం సంగతి విందామని రామ్‌సముజ్, నాలుగు గంటల డయాలసిస్ అయిపోయినా ఇంటికి పోకుండా తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. కూర వండుతున్నారా, మసాలా నేను తెస్తానంటూ.

ఉనైసి కత్తెరతో రెండింటినీ అడ్డంగా కోసింది. ఒకటి కోసినా గుండ్రంగా, ఉంగరంలా తెరుచుకునే ఉంది. రెండోది తడిగుడ్డలా చదునుగా పడిపోయింది. శలేశ్నిని వేళ్ల మధ్య నలిపి చూడమంది.

గుండ్రంగా నిలిచినది ధమని. గుండె కొట్టే ప్రతి దెబ్బా దీని గోడ మీదే పడుతుంది. అందుకే గోడ మందం, లోపల కండ, సాగి మళ్లీ వెనక్కొచ్చే గుణం. చదునుగా పడింది సిర. దీనిదాకా వచ్చేసరికి రక్తంలో జోరు ఉండదు. మందపు గోడతో పనిలేదు, వెడల్పు ఉంటే చాలు. జోరు లేని రక్తం కిందికి జారిపోకుండా లోపల చిన్న చిన్న తలుపులు. ఉనైసి ఆ సిరను నిలువునా చీల్చి, లోపలి పొరకు అంటుకుని ఉన్న జేబుల్లాంటి రెండు పల్చటి రేకుల్ని సూదిమొనతో లేపి చూపించింది. మరోచోట చీల్చని ముక్కలోకి సిరంజితో నీళ్లు పంపింది. ఒక వైపు నుంచి సాఫీగా పోయాయి. తిప్పి రెండోవైపు నుంచి పంపితే ముక్క బుస్సున ఉబ్బిందే గాని, చుక్క కూడా అవతలికి పోలేదు.

ఈ రెండింటి మధ్య ఒంట్లో కేశనాళికలుంటాయి. వాటి గోడ ఒక్క కణం మందం. అంత పల్చన కాబట్టే ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ అక్కడే జరుగుతాయి. మన మిషను పక్కన ఉన్న తెల్ల గొట్టంలో వేల కొద్దీ సన్నటి దారాలున్నాయే, అవి చేసేదీ ఆ పనే.

“మరి నా చేతిలోది ఏంటి? ధమనా, సిరా?” అన్నాడు రామ్‌సముజ్.

“సిరే. ధమనికి కలిపి కుట్టారు. ఆ జోరు తట్టుకోవడానికి గోడ మందం చేసుకుంది. ఆరు వారాల్లో పని నేర్చుకుంది నీ సిర. నీకన్నా నయం,” అంది ఉనైసి. అతను పెద్దగా నవ్వాడు.

తర్వాత సూది. అడ్డంగా పరిచిన సిర ముక్క మీద ఉనైసి ఒక పక్క ఒకే చోట ఎనిమిదిసార్లు గుచ్చింది. ఇంకో పక్క కొంచెం కొంచెం దూరంలో, నిచ్చెన మెట్లలా, ఎనిమిదిసార్లు గుచ్చింది. వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టుకుంది. మెట్లలా గుచ్చిన చోట ఎనిమిది చిన్న చుక్కలు కనిపించాయి. ఒకే చోట గుచ్చిన పక్క చుక్కలు కలిసిపోయి, చిటికెన వేలి గోరంత చిరుగు పడింది. ఇక్కడ గోడ సన్నబడి ఉబ్బుతుంది, ఉబ్బు అంచున మచ్చ గట్టిపడి దారి ఇరుకవుతుంది, కాబట్టి ప్రతిసారీ చోటు మార్చాలి, పుస్తకంలో మొదటి మాట ఇదేనని చెప్పింది. ఈ పాఠం ఆమె ఇంతకుముందు తొమ్మిది మందికి చెప్పింది. మాటలు వాటంతట అవే వచ్చేస్తున్నాయి.

శలేశ్ని ఆ ముక్కను తన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత తలుపు దగ్గర కూర్చున్న మనిషి చేతి వంక చూసింది.

“అక్కా, తప్పుగా అనుకోకు. సోమవారం, ఇవాళ నువ్వు చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. రామ్‌సముజ్ గారికి రెండుసార్లూ ఆ రెండు ఉబ్బుల్లోనే గుచ్చావు. అక్కడ మరి చోటు మార్చకూడదా?”

ఆమె నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఏదైనా ప్రత్యేక కారణం ఉండి ఉంటుందని అనుకుంది. ఉనైసి పళ్లెంలోకి చూసింది. జవాబు రామ్‌సముజ్ చెప్పాడు.

“అక్కడైతే నొప్పి ఉండదమ్మా. చర్మం చచ్చిపోయింది. నేనే అడిగాను అక్కడే వెయ్యమని. సిస్టరమ్మ మంచిది కాబట్టి వేస్తోంది.”

ఉనైసి చేతి తొడుగులు తీసేసి, చేతులు కడుక్కుని, అతని దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. పై ఉబ్బు మీద వేలు పెట్టింది. దెబ్బ. వేలు కొంచెం పైకి జరిపింది. దెబ్బ. ఉబ్బు అంచు దాటింది. అక్కడ, గట్టిగా తాడులా చేతికి తగిలే చోట, సన్నటి ఈల లాంటి వణుకు. దానికి పైన నరం మెత్తగా, ఏమీ లేనట్టు ఉంది. ఇరుకు ఎక్కడో భుజం దగ్గర లేదు. తన పై సూది ఎప్పుడూ దిగే చోటికి అరంగుళం పైన ఉంది. ఏడాదిన్నర నుంచి, వారానికి మూడుసార్లు. ఎన్నిసార్లో లెక్క కట్టబోయి మానేసింది.

“కారణమేమీ లేదు శలేశ్నీ,” అంది లేస్తూ. “మార్చాల్సింది. నేను మార్చలేదు.”

ఆ సాయంత్రం రెండో షిఫ్టు అయ్యాక ఉనైసి అక్కడే బల్ల దగ్గర కూర్చుని రిపోర్టు రాసింది. సూది పోటు వల్ల రోగికి హాని జరిగితే రాసే కాగితం అది. కేంద్రం తెరిచాక ఆ కట్టలోంచి ఎవరూ ఒక్క కాగితమూ చింపలేదు. రోగి పేరు, చెయ్యి, చోటు, ఎంతకాలంగా, ఎవరు గుచ్చారు. చివరి గడిలో తన పేరు పూర్తిగా రాసింది. రోగి కోరిక మేరకు అని రాయడానికి కలం కదిలింది గాని రాయలేదు. అతను అడిగాడు, నిజమే. వద్దని చెప్పాల్సింది తెలిసిన మనిషి.

గురువారం పొద్దున వసీతి ఆ కాగితం రెండుసార్లు చదివింది. లేచి తలుపు వేసి వచ్చింది. ఇది కమిటీ దాకా పోతే ఏమవుతుందో తెలుసా అని అడిగింది. నిన్ను సూది పట్టొద్దంటారు, ఇక్కడ అందరికన్నా బాగా పట్టేది నువ్వే, ఇంక ఈ కేంద్రం ఎలా నడపాలంది. కాగితం అక్కర్లేదనీ, సర్జన్‌కి నోటితో చెప్పి చెయ్యి చూపిద్దామనీ అంది.

“నువ్వే అన్నావు కదా, కమిటీకి కాగితమే కావాలని,” అంది ఉనైసి.

వసీతికి కోపం వచ్చింది. సోమవారం నుంచీ నా మీదకి వచ్చావు, నేనేదో కావాలని ఆ మనిషి కుర్చీ లాగేస్తున్నట్టు చూశావు, తీరా చూస్తే నీ సూది, అంది. ఉనైసి ఒప్పుకుంది. అవునంది. అయినా అతను తిండి దొంగ కాదు, ఆ రెండు రాతలూ కొట్టెయ్యాలి అంది. ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. వసీతి కాగితాన్ని ఫైల్లో పెట్టింది.

శుక్రవారం సర్జన్ జొలామె వచ్చేటప్పటికి మధ్యాహ్నమైంది. భారీ మనిషి, మాటలు తక్కువ. జాబితాలో ఉన్నవాళ్లందరినీ చూశాక చివర్లో రామ్‌సముజ్ చెయ్యి పట్టుకున్నాడు. చిన్న యంత్రం నరం మీద పెట్టి జరుపుతూ పోతే గదంతా హోరు వినిపించింది. ఉబ్బు దాటగానే హోరు కాస్తా సన్నటి కీచుగా మారింది. ఆయన అక్కడ పెన్నుతో గీత పెట్టాడు. గీత ఉనైసి బుధవారం వేలు ఆపిన చోటే పడింది.

ఇంకో వారం ఆగితే రక్తం గడ్డకట్టి ఈ నరం మూసుకుపోయేది, ఇంక కుడి చేతికి పోవాల్సొచ్చేదని ఆయన చెప్పాడు. ఎవరు కనిపెట్టారని అడిగాడు. వసీతి ఉనైసి వైపు చూపించింది.

“గుచ్చింది ఎవరు?”

రామ్‌సముజ్ ఏదో అనబోయాడు. ఉనైసి అతని భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

“నేనే డాక్టర్. రాసిచ్చాను, ఫైల్లో ఉంది.”

జొలామె కళ్లజోడు పైకి తోసుకుని కాగితం చదివాడు. ఆయన మందలించలేదు. కలం తీసి ఆ కాగితం కిందే రెండు వాక్యాలు రాసి, వసీతి చేతికిచ్చాడు. పాడు చేసిందీ ఈ చెయ్యే, పట్టుకున్నదీ ఈ చెయ్యే, రెండూ కమిటీకి తెలియాలి అన్నాడు. శనివారం పొద్దున పెద్దాసుపత్రిలో ఆపరేషన్ పెట్టుకున్నాడు. ఇరుకైన చోట నరాన్ని చీల్చి, అతుకు వేసి వెడల్పు చేస్తానన్నాడు. అతుకు మానేదాకా పై ఉబ్బు జోలికి ఎవరూ పోకూడదు, అరంగుళం కూడా.

రామ్‌సముజ్ మొదటిసారి బెదిరాడు. ఆపరేషనుకు కాదు. ఇంటికి వెళ్లే ముందు ఉనైసిని పక్కకి పిలిచి, నేను అడక్కపోతే నువ్వు మార్చేదానివి కదా, తప్పు నాదని చెబుతాను, నీ ఉద్యోగం పోతే నాకు ముద్ద దిగదన్నాడు.

“నువ్వు లారీ తోలేటప్పుడు, పక్కన కూర్చున్నవాడు అడ్డదారిలో పొమ్మంటే పోయి గోతిలో పడితే తప్పెవరిది?”

అతను ఆలోచించాడు. “డ్రైవరుదే.”

“మరింకేం. పో అన్నా, రేపు ఖాళీ కడుపుతో ఆసుపత్రికి వెళ్లు.”

ఆ సాయంత్రమే వసీతి కమిటీకి పంపాల్సిన కవరు విప్పింది. మూడో రాత చింపేసింది. మొదటి రెండింటి మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, తేదీ వేసి సంతకం చేసింది. ఉనైసి రిపోర్టును అదే కవర్లో పెట్టింది. ఆ తర్వాత కూర్చుని ఇంకో ఉత్తరం రాసింది. టీచరమ్మాయి మెరియాని కోసం తెల్లవారుజామున అయిదింటికి మరో షిఫ్టు నడపడానికి అనుమతి అడుగుతూ. ఎవరు వస్తారు ఆ వేళకి అని ఉనైసి అడిగితే, నేను వస్తాను, నాకు సూది పట్టడం వచ్చని అందరూ మర్చిపోయారు అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆదివారం చర్చి నుంచి తిన్నగా ఉనైసి ఆసుపత్రికి వెళ్లింది. కట్టు కట్టిన చేతికి పైన, భుజానికి దగ్గర, రెండు వేళ్లు ఆనించింది. ఝుమ్మంటోంది. సుందర్‌మతి పక్కనే నిలబడి ఆమె ముఖం చూస్తోంది. నీ చెయ్యి పెట్టి చూడు వదినా అని ఉనైసి ఆమె వేళ్లు పట్టుకుని అక్కడ పెట్టింది. రెండేళ్లలో ఎవరూ తనను అక్కడ ముట్టుకుని చూడమనలేదని సుందర్‌మతి అంది. ఇకనుంచి రోజూ పొద్దున లేవగానే చూడాలనీ, ఎప్పుడు దెబ్బలా కొట్టినా కబురు పంపాలనీ ఉనైసి చెప్పింది.

కమిటీ నుంచి జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా సూది పట్టవచ్చని వసీతి అంది. సోమవారం ఉనైసి గంట ముందే వచ్చింది. ఇరవై రెండు కాగితాల మీద ఇరవై రెండు చేతులు గీసి పెట్టుకుంది. ఒక్కో రోగి రాగానే చెయ్యి కడిగి, తడిమి, ఏ చోట గుచ్చుతూ వచ్చిందో ఎర్రగా, ఇకమీదట గుచ్చాల్సిన చోట్లు నల్లగా చుక్కలు పెట్టింది. మొదటి షిఫ్టు అయిదుగురిలో ముగ్గురికి ఉబ్బులున్నాయి. ముగ్గురివీ తన సూది చేసినవే. శలేశ్ని పక్కన నిలబడి రాసుకుంటోంది. ఉనైసి ఏదీ దాచకుండా, ఇది నేను చేసిందే, ఇలా చెయ్యకూడదు అని ఒక్కొక్కటీ వేలితో చూపించి చెప్పింది.

మూడో కుర్చీలో బిలో అనే ముసలమ్మ. డెబ్బై ఏళ్లు. అలవాటుగా చెయ్యి చాచి కళ్లు మూసుకుని, మనవడి పెళ్లి కబుర్లు మొదలుపెట్టింది. ఉబ్బు వదిలేసి రెండంగుళాల పైన ఉనైసి దూది రుద్దడంతో కళ్లు తెరిచింది.

“అక్కడ కాదు పిల్లా. ఎప్పటి చోట వెయ్యి.”

“అక్కడ ఇంక వెయ్యను పెద్దమ్మా.”

“నొప్పెడుతుంది.”

“అవును, నొప్పెడుతుంది.”

ముసలమ్మ ఆమె వంక అనుమానంగా చూసింది. పక్క కుర్చీల్లో మాటలు ఆగిపోయాయి. ఉనైసి నరాన్ని బొటనవేలితో నొక్కి పట్టింది. సూది మొన చర్మానికి తాకించి, ఒక్క క్షణం ఆగి, వంపు సరిచూసుకుని, తొందర పడకుండా లోపలికి దించింది. ముసలమ్మ అబ్బా అని గట్టిగానే అరిచింది. మెత్తటి గోడ దాటిన సంగతి ఉనైసి వేలికి తెలిసింది. గొట్టంలోకి ఎర్రగా, జోరుగా రక్తం పాకింది.

ఆమె సూదికి పట్టీ అంటించి, కాగితం మీద మొదటి నల్ల చుక్క పక్కన తేదీ వేసి, రెండో సూది అందుకుంది.